అణు నమూనా కిట్: ఆకారం అదే చూపిస్తుంది, బంధం సంగతి మాత్రం పక్కన ఒకరు చెప్పాలి

మాలిక్యులర్ మోడల్ కిట్ అని అడిగితే సైన్సు సామాన్ల షాపువాళ్లు ఇచ్చే ప్లాస్టిక్ పెట్టె గురించి ఈ రివ్యూ. రంగురంగుల బంతులు, వాటికి బెజ్జాలు, బెజ్జాల్లో గుచ్చడానికి బూడిదరంగు కడ్డీలు. తయారుచేసే కంపెనీలు చాలా ఉన్నా లోపలి సరుకు దాదాపు ఒకటే కాబట్టి ఏదో ఒక బ్రాండ్ గురించి కాక ఈ రకం పెట్టె మొత్తం గురించి రాస్తున్నాం. రాజమండ్రి నుంచి నరసాపురం దాకా ఇంటర్ పిల్లలకి రసాయన బంధం పాఠం చెప్పేవాళ్లకీ, ఇంట్లో కూర్చోబెట్టి చదివించే తల్లిదండ్రులకీ కొనేముందు పనికొచ్చే వివరాలివి.

అణువు ఆకారం నేర్పడానికి దీన్ని మించిన వస్తువు లేదు. అందుకు ఐదుకి నాలుగున్నర. బంధం అంటే ఏమిటో నేర్పే విషయంలో మాత్రం ఐదుకి రెండే ఇస్తాం. కారణం, ఒక ముఖ్యమైన సంగతిని ఈ కిట్ తలకిందులుగా నేర్పుతుంది. దాన్ని సరిదిద్దేవాళ్లు పక్కన లేకపోతే కిట్‌తో నేర్చుకున్న పిల్లవాడు పుస్తకంతో నేర్చుకున్నవాడి కంటే గట్టిగా తప్పు నమ్ముతాడు. అది ఏమిటో కింద వివరంగా చెబుతాం, ముందు పెట్టె తెరుద్దాం.

నల్ల బంతి కార్బన్, 4 బెజ్జాలు. తెల్లది హైడ్రోజన్, ఒకటే బెజ్జం. ఎర్రది ఆక్సిజన్, 2. నీలం నైట్రోజన్, 3 లేదా 4. ఆకుపచ్చ క్లోరిన్, పసుపు గంధకం, ఊదా ఫాస్ఫరస్. కడ్డీల్లో పొట్టివి ఏక బంధాలకి, పొడుగ్గా వంగేవి ద్విబంధ, త్రిబంధాలకి. ఈ రంగుల వెనక పెద్ద చరిత్రే ఉంది. 1865లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆగస్ట్ విల్హెల్మ్ హాఫ్‌మన్ క్రోకే ఆట బంతులకి రంగులేసి, కడ్డీలు గుచ్చి అణువులు చూపించాడు. కార్బన్‌కి నలుపు, ఆక్సిజన్‌కి ఎరుపు అప్పటి నుంచీ వస్తున్నవే. అయితే ఆయన మీథేన్ బల్లపరుపుగా ఉండేది. కార్బన్ బంధాలు నాలుగూ చతుర్ముఖి (నాలుగు త్రిభుజ ముఖాల ఘనాకారం) మూలల వైపు పోతాయని వాంట్ హాఫ్, లె బెల్ విడివిడిగా చెప్పింది 1874లో. ఇవాళ్టి కిట్‌లో నల్ల బంతికి బెజ్జాలు అలా ఏటవాలుగా ఉన్నాయంటే ఆ ఆలోచన పుణ్యమే.

కొనేటప్పుడు ఆ బెజ్జాలనే పరీక్షించాలి. నల్ల బంతికి నాలుగు కడ్డీలు, నాలుగు తెల్ల బంతులు పెట్టి మీథేన్ చేయండి. మూడు హైడ్రోజన్ల మీద బల్లపై నిలబెట్టండి. పైకి ఉన్న నాలుగోది నిట్టనిలువుగా ఉండాలి. ఇప్పుడు తిప్పి ఇంకో మూడింటి మీద నిలబెట్టండి. ఏ మూడింటి మీద నిలబెట్టినా బొమ్మ ఒకేలా కనిపిస్తే కోణం 109.5 డిగ్రీలు సరిగ్గా ఉన్నట్టు. ఒకవైపు ఒరిగితే బెజ్జాలు తప్పు, ఆ పెట్టె వద్దు. ఎర్ర బంతిలో రెండు బెజ్జాలూ ఎదురెదురుగా ఉంటే అసలే వద్దు. దాంతో చేసిన నీటి అణువు సూటి గీతలా వస్తుంది. నిజమైన నీటిలో కోణం 104.5 డిగ్రీలు. ఆ వంపు లేకపోతే నీటి అణువుకి ఒకవైపు ధనావేశం, ఇంకోవైపు రుణావేశం పోగయ్యే గుణం (ద్విధ్రువ భ్రామకం, 1.85 డిబై) ఉండదు, ఉప్పు కరగదు, గోదావరిలో పారేది నీరే కాదు. కొన్ని కిట్లలో ఎర్ర బంతి కోణం కూడా 109.5 పెట్టేస్తారు. ఆ 5 డిగ్రీల తేడా కంటికి అంతగా ఆనదు, ఫరవాలేదు. మాటల్లో చెప్పుకుంటే చాలు.

నైట్రోజన్ దగ్గర మాత్రం రాజీ పడొద్దు. 3 బెజ్జాల నీలం బంతులే ఉన్న పెట్టె చవగ్గా వస్తుంది, కానీ దానితో అమ్మోనియం అయాన్ చేయలేం. మన ప్రాంతానికి అది పెద్ద లోటు. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువు ఉన్న ఏ ఇంట్లో పిల్లవాడైనా అమ్మోనియా, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) అన్న మాటలు వింటూనే పెరుగుతాడు. నీటి పరీక్షలో ఆ రెండూ కలిపే ఎందుకు చూస్తారో ఈ ఒక్క బంతితో చెప్పొచ్చు. 4 బెజ్జాల నీలం బంతికి మూడు హైడ్రోజన్లు పెడితే అమ్మోనియా. నాలుగో బెజ్జం ఖాళీగా కనిపించినా నిజానికి ఖాళీ కాదు, అక్కడ ఒంటరి ఎలక్ట్రాన్ జంట ఉంది. నీళ్లలోంచి ఒక హైడ్రోజన్ అయాన్, అంటే ఎలక్ట్రానే లేని ఉత్త ప్రోటాన్, వచ్చి ఆ జంట మీద కూర్చుంటే అమ్మోనియం అవుతుంది. బంధానికి కావలసిన రెండు ఎలక్ట్రాన్లూ నైట్రోజనే ఇచ్చింది కాబట్టి దాన్ని సమన్వయ సమయోజనీయ బంధం అంటాం. కూర్చున్నాక నాలుగు బంధాలూ ఒకటే, ఏది కొత్తగా వచ్చిందో ఎవరూ చెప్పలేరు. కిట్‌లో కూడా అంతే, నాలుగో తెల్ల బంతి పెట్టాక తిప్పి చూస్తే మీకే గుర్తు దొరకదు. చెరువులో పీహెచ్ 9 దాటి పైకి పోతుంటే ఆ నాలుగో ప్రోటాన్ ఊడిపోయి అమ్మోనియం మళ్లీ అమ్మోనియా అవుతుంది. విద్యుదావేశం లేని అమ్మోనియా రొయ్య మొప్పల్లోంచి సులువుగా లోపలికి పోతుంది, ఆవేశం ఉన్న అమ్మోనియం అంత సులువుగా పోలేదు. ఈ రెండూ కలిపిన మొత్తం మారకపోయినా సాయంత్రం పీహెచ్ పెరిగినప్పుడు ప్రమాదం ఎక్కువ కావడానికి కారణం ఇదే.

ఒంటరి జంటలకి చాలా కిట్లలో విడి భాగాలు ఉండవు. కొన్నిట్లో రేకుల్లాంటి ప్లాస్టిక్ ముక్కలు ఇస్తారు, అవి ఉన్న పెట్టె దొరికితే కొంచెం ఎక్కువైనా అదే తీసుకోండి. లేకపోతే మందపాటి పసుపు కాగితాన్ని ఆకు ఆకారంలో కత్తిరించి, కడ్డీకి అంటించి బెజ్జంలో పెడితే పని జరుగుతుంది. నీటికోసం 4 బెజ్జాల నల్ల బంతికే ఎర్ర టేపు చుట్టి ఆక్సిజన్‌గా వాడండి. అప్పుడు మీథేన్, అమ్మోనియా, నీరు పక్కపక్కన పెడితే అసలు సంగతి కనిపిస్తుంది. మూడింటిలోనూ నడిమి పరమాణువు చుట్టూ ఎలక్ట్రాన్ జంటలు నాలుగే. మీథేన్‌లో ఒంటరి జంట లేదు, 109.5 డిగ్రీలు. అమ్మోనియాలో ఒకటి, 107. నీటిలో రెండు, 104.5. ఒంటరి జంటను పట్టుకునే కేంద్రకం ఒకటే కాబట్టి అది కేంద్రకం దగ్గరే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, బంధాలను పక్కకి నెడుతుంది. పరీక్షలో ఈ మూడు కోణాలూ బట్టీపట్టి రాసే పిల్లలకి ఆ పసుపు ఆకులు ఎక్కడున్నాయో చూపిస్తే ఇక మర్చిపోరు.

ద్విబంధం విషయంలో కిట్‌ని మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. ఈథేన్ (2 కార్బన్లు, 6 హైడ్రోజన్లు) చేసి రెండు కార్బన్లనూ చెరో చేత్తో పట్టుకుని తిప్పండి, తిరుగుతాయి. నిజమైన ఈథేన్‌లో కూడా ఆ తిరుగుడుకి అడ్డు చాలా చిన్నది, మోల్‌కి 12 కిలోజౌల్స్ దగ్గర. ఇప్పుడు వంగే కడ్డీలు రెండు పెట్టి ఇథిలీన్ (2 కార్బన్లు, 4 హైడ్రోజన్లు) చేసి తిప్పి చూడండి, కదలదు. ఒక్క మేకు కొట్టిన చెక్క తిరుగుతుంది, రెండో మేకు పడ్డాక తిరగదు, అచ్చం అలాగే. మొదటి బంధం (సిగ్మా, σ) ఒక్కటే ఉంటే తిరగొచ్చు, రెండోది (పై, π) తోడైతే తిరగాలంటే దాన్ని తెంచాలి. అయితే కిట్‌లో రెండు కడ్డీలూ ఒకేలా ఉంటాయి, నిజంలో అవి రెండు రకాలు. కార్బన్, కార్బన్ ఏక బంధం శక్తి 348 కిలోజౌల్స్, ద్విబంధం 614. రెట్టింపు 696 కావాలి కదా, కాలేదు. రెండోది మొదటిదాని కంటే బలహీనం అన్నమాట. ఈ అంకెలు చెప్పకుండా రెండు కడ్డీలు చేతికిస్తే పిల్లలు ద్విబంధం అంటే రెండింతల బలం అనుకుంటారు.

దీన్ని కొబ్బరి నూనెతో చూపిస్తే కోనసీమ పిల్లలకి ఇట్టే ఎక్కుతుంది. కొబ్బరి నూనెలో ఎక్కువగా ఉండేది లారిక్ ఆమ్లం. 12 కార్బన్లు, 24 హైడ్రోజన్లు, 2 ఆక్సిజన్లు, మొత్తం 38 బంతులు. పొట్టి కడ్డీలు 36, చివర ఆక్సిజన్‌తో ద్విబంధానికి వంగేవి 2. పెట్టె కొనేముందు ఈ లెక్కకి సరిపడా ఉన్నాయో లేదో చూసుకోండి, చాలా చిన్న పెట్టెల్లో తెల్ల బంతులే తక్కువ పడతాయి. గొలుసు మొత్తం ఏక బంధాలే కాబట్టి దాన్ని చక్కగా చాచిపెట్టొచ్చు. పక్కనే వేరుశెనగ నూనెలో దొరికే ఒలియిక్ ఆమ్లం చేయాలంటే 54 బంతులు, మధ్యలో ఒక ద్విబంధం. 9వ, 10వ కార్బన్ల దగ్గర రెండు హైడ్రోజన్లూ ఒకే వైపు ఉండేట్టు పెట్టండి, గొలుసు అక్కడ మోచెయ్యిలా మడతపడుతుంది. చాచిన గొలుసులు దగ్గరదగ్గరగా సర్దుకుంటాయి, మడతపడినవి సర్దుకోలేవు. పుష్యమాసం చలికి కొబ్బరి నూనె సీసాలో గడ్డకట్టి, వేరుశెనగ నూనె కట్టకపోవడం వెనక ఉన్నది ఆ మడతే. నూనెలో నిజంగా ఉండే రూపం, అంటే మూడు లారిక్ గొలుసులు గ్లిసరాల్‌కి కట్టిన ట్రైగ్లిజరైడ్, చేయాలంటే 119 బంతులు కావాలి. దానికి నాలుగైదు పెట్టెలు కలపాలి. అంత అవసరం లేదు, గొలుసు ఒక్కటి చాలు.

ఇక అసలు లోపం దగ్గరికి వద్దాం.

ఈ కిట్‌లో బంధం కట్టాలంటే బలం పెట్టి కడ్డీ నొక్కాలి. విప్పాలన్నా బలం పెట్టి లాగాలి. వేళ్లు రెండుసార్లూ శ్రమ పడతాయి. ప్రకృతిలో అలా లేదు. బంధం తెగడానికి శక్తి పెట్టాలి, బంధం ఏర్పడితే శక్తి బయటికి వస్తుంది. ఎప్పుడూ అంతే, మినహాయింపు లేదు. రెండు హైడ్రోజన్ పరమాణువులు దూరం నుంచి దగ్గరవుతున్నకొద్దీ వాటి శక్తి తగ్గుతూ వచ్చి 74 పికోమీటర్ల (పికోమీటర్ అంటే మీటరులో లక్ష కోట్లవ వంతు) దూరంలో అట్టడుగుకి చేరుతుంది, అక్కడికి వచ్చేసరికి మోల్‌కి 436 కిలోజౌల్స్ వదిలేసి ఉంటాయి. ఇంకా దగ్గరికి తోస్తే కేంద్రకాలు ఒకదాన్నొకటి నెట్టేస్తాయి కాబట్టి అక్కడే నిలుస్తాయి. కడ్డీలాంటి వస్తువేదీ మధ్యలో లేదు. రెండు కేంద్రకాలూ కలిసి లాగుతున్న ఒక ఎలక్ట్రాన్ జంట ఉంది, అంతే. జంట అన్న ఈ ఆలోచన గిల్బర్ట్ లూయిస్ 1916లో ఇచ్చింది.

కిట్‌తో ఆడుకున్న పిల్లలు ఎక్కువగా చెప్పే తప్పు: బంధాల్లో శక్తి నిల్వ ఉంటుంది, బంధం తెగితే ఆ శక్తి బయటికొస్తుంది. దీన్ని విరగ్గొట్టడానికి మీథేన్ మండటం కంటే మంచి ఉదాహరణ లేదు. కోనసీమ భూమి అడుగున ఉన్న గ్యాసు చాలావరకు మీథేనే. 1995 జనవరిలో పాసర్లపూడి దగ్గర బావి పేలి రెండు నెలలకు పైగా మండిన మంట గురించి పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతుంటారు. ఆ వేడి ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఒక మీథేన్, రెండు ఆక్సిజన్ అణువులు చేయండి. పొట్టి కడ్డీలు 4, వంగేవి 4 పడతాయి. ఇప్పుడు మొత్తం విప్పి ఒక కార్బన్ డయాక్సైడ్, రెండు నీటి అణువులు కట్టండి. మళ్లీ పొట్టివి 4, వంగేవి 4. ఒక్క కడ్డీ కూడా మిగలదు, ఒక్కటి కూడా చాలకపోదు. ఇక్కడ పిల్లల్ని ఆపి, కడ్డీల లెక్క సమానమైతే మంట ఎక్కణ్ణుంచి వచ్చిందని అడగండి. కిట్ దగ్గర జవాబు లేదు. ఒక్కో బంధానికి (వంగే కడ్డీల జతకి కలిపి ఒకటే) దాని శక్తి రాసిన కాగితం చీటీ కడితే జవాబు వస్తుంది. తెంచినవి: కార్బన్, హైడ్రోజన్ బంధాలు 4, ఒక్కోటి 413, అంటే 1652. ఆక్సిజన్ అణువుల బంధాలు 2, ఒక్కోటి 498, అంటే 996. మొత్తం పెట్టుబడి 2648 కిలోజౌల్స్. కట్టినవి: కార్బన్ డయాక్సైడ్‌లో కార్బన్, ఆక్సిజన్ ద్విబంధాలు 2, ఒక్కోటి 799, అంటే 1598. నీళ్లలో ఆక్సిజన్, హైడ్రోజన్ బంధాలు 4, ఒక్కోటి 463, అంటే 1852. మొత్తం రాబడి 3450. తేడా 802. పదహారు గ్రాముల మీథేన్ మండి, నీరు ఆవిరిగానే ఉండిపోతే వచ్చే వేడి అదే. మంట పుట్టింది బంధాలు తెగినందుకు కాదు, తెగినవాటి కంటే గట్టి బంధాలు కట్టుకున్నందుకు. ముఖ్యంగా ఆక్సిజన్ అణువులోనిది ద్విబంధాల లెక్కలో చాలా బలహీనం, దాన్ని వదిలి పోయినప్పుడు చాలాసార్లు లాభమే.

కడ్డీల స్థానంలో ఈ ఒక్క పాఠానికి గుండీల్లాంటి చిన్న అయస్కాంతాలు వాడండి. దగ్గరికి తెస్తే వాటంతట అవే టక్కున అతుక్కుంటాయి, ఆ చప్పుడు బయటికి వచ్చిన శక్తి. విడదీయడానికి మనమే లాగాలి. రెండు నిమిషాల పని, కానీ కిట్ చేసిన నష్టం చాలావరకు పూడుతుంది.

ఈ తప్పు జీవశాస్త్రం దాకా పాకుతుంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1920లలో కండరాలకి శక్తి అందించే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ అన్న పదార్థాలను వెలికితీశారు. మన జిల్లా పిల్లలకి అది గర్వంగా చెబుతాం, ఆ వెంటనే ఏటీపీలో ఫాస్ఫేట్ బంధం తెగితే శక్తి వస్తుందని రాయిస్తాం. అక్కడ కూడా తెగే బంధానికి శక్తి పెట్టాల్సిందే. నీటితో చర్య జరిగాక ఏర్పడే ఏడీపీ (ఒక ఫాస్ఫేట్ తగ్గిన ఏటీపీ), ఫాస్ఫేట్‌లలో రుణావేశాల నెట్టుడు తగ్గుతుంది, ఫాస్ఫేట్‌లో ఎలక్ట్రాన్లు ఇంకా బాగా పరుచుకుంటాయి, చుట్టూ నీళ్లు ఇంకా గట్టిగా చేరతాయి. ఇవన్నీ కలిసి ప్రామాణిక పరిస్థితుల్లో మోల్‌కి 30.5 కిలోజౌల్స్ మిగులుస్తాయి. ఏటీపీ నమూనా కట్టాలంటే 47 బంతులు, అందులో ఫాస్ఫరస్‌లు 3. విద్యార్థి పెట్టెల్లో ఊదా బంతులు అన్ని ఉండటం అరుదు.

ఇంకో తప్పు కూడా ఇక్కడే పుడుతుంది. నీళ్లు మరిగించడం చూపించమంటే పిల్లలు తెల్ల బంతుల్ని ఊడబీకుతారు. మరిగేటప్పుడు అణువు లోపలి కడ్డీ ఒక్కటి కూడా తెగదు. తెగేవి అణువుకీ అణువుకీ మధ్య ఉన్న హైడ్రోజన్ బంధాలు, మోల్‌కి 20 కిలోజౌల్స్ స్థాయివి. వాటికి కిట్‌లో భాగమే లేదు. కుట్టుపని దారం కట్టండి, కడ్డీకీ దారానికీ తేడా చూడగానే తెలుస్తుంది.

యూరియా, బెంజీన్ దగ్గర కిట్ తడబడుతుంది. యూరియాకి 8 బంతులే: కార్బన్ 1, ఆక్సిజన్ 1, నైట్రోజన్లు 2, హైడ్రోజన్లు 4. కట్టడం సులువు, పైగా 60 గ్రాముల్లో 28 గ్రాములు నైట్రోజన్ అని లెక్క వేసి బస్తా మీద 46 శాతం ఎందుకు రాశారో చూపొచ్చు. కానీ కిట్‌లో కార్బన్, నైట్రోజన్ మధ్య మామూలు ఏక బంధం పెడతాం, దాని పొడవు 147 పికోమీటర్లు ఉండాలి. యూరియా స్ఫటికంలో కొలిస్తే 134 దగ్గర ఉంది. నైట్రోజన్ మీది ఒంటరి జంట కార్బన్ వైపు జరిగి సగం ద్విబంధంలా పనిచేస్తోంది. బెంజీన్‌లో ఇదే ఇంకా స్పష్టం. ఆరు కార్బన్ల వలయంలో ఒకటి విడిచి ఒకటి ద్విబంధం పెడితే పొడుగు, పొట్టి గీతలు మారిమారి రావాలి, అంటే 154, 134. నిజంలో ఆరూ 139 దగ్గరే, సమానం. ఎలక్ట్రాన్లు ఒకచోట కట్టుబడి ఉండవన్న సంగతిని కడ్డీలు చూపలేవు. ఈ రెండు అణువులూ కట్టించినప్పుడు పక్కన బోర్డు మీద రెజొనెన్స్ రూపాలు (ద్విబంధం చోటు మార్చి వేసే బొమ్మలు) వేయడం తప్పనిసరి.

కొలతల గురించి కాస్త. కార్బన్ బంతి మధ్య నుంచి పక్క కార్బన్ బంతి మధ్యకి స్కేలు పెట్టి చూడండి. 4.6 సెంటీమీటర్లు వస్తే నమూనా నిజానికి 30 కోట్ల రెట్లు పెద్దదన్నట్టు. ఆ లెక్కన కార్బన్ నుంచి హైడ్రోజన్‌కి 3.3 సెంటీమీటర్లే ఉండాలి, ఎందుకంటే నిజమైన దూరం 109 పికోమీటర్లు. చాలా కిట్లలో రెండిటికీ ఒకటే కడ్డీ. కావాలంటే హైడ్రోజన్‌కి వాడే కడ్డీలను కత్తిరించుకోవచ్చు, కానీ కత్తిరించినవి కార్బన్లకి పనికిరావు, విడిగా దాచాలి. బంతుల మధ్య కనిపించే ఖాళీ కూడా నిజం కాదు. ఇదే కొలతలో కార్బన్ ఎలక్ట్రాన్ మేఘం 5 సెంటీమీటర్ల వ్యాసార్ధానికి పైగా ఉంటుంది, అంటే పక్కబంతిని మింగేస్తుంది.

మన్నిక విషయానికొస్తే, బంతులు పగలవు. విరిగేవి కడ్డీలు, అదీ పక్కకి వంచి లాగినప్పుడు. మెలితిప్పుతూ సూటిగా లాగాలి. పెట్టెలో కడ్డీ తీసే చిన్న పనిముట్టు ఇస్తే దాన్ని మొదటి రోజే పోగొట్టకండి. బెజ్జంలో ముక్క ఇరుక్కుంటే సన్న స్క్రూ ఒకటి ఆ ముక్కలోకి రెండు చుట్లు తిప్పి స్క్రూతో సహా బయటికి లాగండి. కొత్తలో బిగుతుగా ఉంటే సబ్బు నీటితో తడపండి, నూనె రాయొద్దు, తర్వాత దుమ్ము పట్టి జారిపోతుంది. వాడకంలో వదులైతే కడ్డీ కొసకి ప్లంబర్ల తెల్ల టేపు ఒక చుట్టు చాలు. చెక్క బంతులు, ఇనప స్ప్రింగుల పాత రకం కిట్ ఎవరైనా ఇస్తామంటే సముద్రం గాలి తగిలే ఊళ్లలో తీసుకోవద్దు. వానాకాలం చెక్క ఉబ్బి బెజ్జాలు మూసుకుంటాయి, స్ప్రింగులు తుప్పుపడతాయి. తరగతిలో ఒక పెట్టెకి నలుగురికి మించి కూర్చోబెడితే ఇద్దరు కడతారు, మిగతావాళ్లు చూస్తారు. ఇంట్లో చంటిపిల్లలుంటే తెల్ల బంతులు నోట్లో పెట్టుకోకుండా జాగ్రత్త.

ఉప్పు ఈ కిట్‌తో చేయొద్దు. సోడియం అని ఒక బంతి, క్లోరిన్ అని ఒక బంతి, మధ్యలో కడ్డీ పెడితే అది అబద్ధం. అక్కడ పంచుకున్న జంట లేదు, ఉప్పులో రెండేసి పరమాణువుల అణువులూ లేవు. సోడియం ఎలక్ట్రాన్‌ని ఇష్టంగా ఇచ్చేస్తుందన్నదీ నిజం కాదు. లాగడానికి మోల్‌కి 496 కిలోజౌల్స్ పెట్టాలి, క్లోరిన్ తీసుకున్నప్పుడు 349 మాత్రమే తిరిగొస్తుంది. 147 నష్టం. ఆ నష్టాన్ని పూడ్చి లాభం తెచ్చేది ఆవేశాలన్నీ బారులు తీరి స్ఫటిక జాలకం కట్టుకున్నప్పుడు వచ్చే 788.

ఆ జాలకాన్ని మట్టితో చేయించండి. కాలవ గట్టు బంకమట్టి నాలుగు పిడికెళ్లకి మెత్తటి ఇసుక ఒక పిడికెడు కలిపి పిసికితే ఆరేటప్పుడు పగుళ్లు తక్కువ. క్లోరైడ్‌కి 3.6 సెంటీమీటర్ల వ్యాసంతో 14 ఉండలు, సోడియంకి 2 సెంటీమీటర్లతో 13. ఇది సరిగ్గా పది కోట్ల రెట్ల కొలత. మట్టి ఆరి కుంచించుకుంటుంది కాబట్టి పచ్చిగా ఉన్నప్పుడు కాస్త పెద్దవి చేయండి. సగం ఆరాక కొబ్బరి ఈనె మొదలు వైపు లావు భాగంతో బెజ్జాలు పొడిచి, పూర్తిగా ఆరాక ఈనె సన్న భాగం ముక్కలు వాడండి, బెజ్జం బిగుసుకున్నా దూరతాయి. నీడలో ఆరనివ్వాలి, ఎండలో పెడితే నెర్రెలిస్తాయి. ఘనం ఎనిమిది మూలల్లోనూ, ఆరు ముఖాల నడుమా క్లోరైడ్. పన్నెండు అంచుల మధ్యల్లోనూ, బయటికి కనిపించని నడిబొడ్డులోనూ సోడియం. ఉండలు ఒకదానికొకటి తగలాలి, ఈనె బయటికి కనిపించకూడదు. మధ్య నుంచి మధ్యకి 2.8 సెంటీమీటర్లు, ఘనం మొత్తం అంచు 9.2 దగ్గర. అన్నీ కలపడానికి 54 ఈనె ముక్కలు పడతాయి.

నల్ల బంతులు అయిపోతే అదే మట్టితో కార్బన్ కూడా చేసుకోవచ్చు. కాగితం పట్టీ ఒకటి ఉండ చుట్టూ తిప్పి చుట్టుకొలత తీసుకోండి. దాన్ని 0.304తో గుణించండి. చుట్టుకొలత 10 సెంటీమీటర్లైతే 3.04 అన్నమాట. మొదటి బెజ్జం ఎక్కడైనా పెట్టండి, మిగతా మూడూ ఉండ ఉపరితలం మీద దాని నుంచి అంత దూరంలో, తమలో తాము కూడా అంతే దూరంలో ఉండాలి. ఏ రెండింటి మధ్య కొలిచినా అదే వస్తే కోణం 109.5 కుదిరినట్టే.